ఏడాది జాతీయ యువజన సేవ పూర్తయ్యాక ఏమిటి?



మన ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనంతో బి.కాం. పూర్తి చేసినవారిలో నేనూ ఒకదాన్ని. మాది తమిళనాడులోని హోసూరు ప్రాంతం. ఉపకార వేతనాల పంపిణీ సభకు వచ్చినప్పుడు ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "మా అబ్బాయి డిగ్రీ అయినాక ఒక ఏడాది సర్కారు యువజన సేవలో చేరతానంటున్నాడు. ఆ ఏడాది అయిపోతే ఏమొస్తుందమ్మా?" అని అడిగారు. రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అదే ప్రశ్న ఒకప్పుడు నన్ను దాదాపు రెండేళ్లు నిద్రపోనివ్వలేదు. ఆ తల్లికి ఇవ్వలేని జవాబును ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను.

ఈ సేవ ఏమిటి, ఏది కాదు

మనవాళ్లు మూడు విషయాలను కలిపేసి మాట్లాడుతుంటారు. కాలేజీలో చదువుతూ చేసేది ఎన్.ఎస్.ఎస్. ఇది గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో మొదలయింది. ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పని చేయాలి, ఒక ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. యూనిఫాం, పెరేడ్ ఉండేది ఎన్.సి.సి. మూడవది చదువు ఆపిన తరువాతనో, ముగిసిన తరువాతనో పూర్తికాలం చేసే స్వచ్ఛంద సేవ. నేను చేసింది ఈ మూడవది.

ఈ పూర్తికాల సేవ మన దేశంలో 1977-78లో జాతీయ సేవా వాలంటీర్ల పథకంగా ఆరంభమయింది. 2010-11లో దానిని పునర్వ్యవస్థీకరించి నేషనల్ యూత్ కోర్ అని పేరు పెట్టారు. నెహ్రూ యువ కేంద్రాల ద్వారా ప్రతి బ్లాకుకు కొద్దిమంది వాలంటీర్లను తీసుకునేవారు. అప్పట్లో కనీసం పదవ తరగతి పాసై ఉండాలనేవారు, రెగ్యులర్ విద్యార్థులను తీసుకునేవారు కాదు. కాలపరిమితి ఒక సంవత్సరంగా ఉండేది. పనితీరు బాగుంటే మరో సంవత్సరం పొడిగించే వీలుండేది, అంతకు మించి ఉండేది కాదు. నేను చేసిన 2013-14లో గౌరవ వేతనం నెలకు రూ. 2,500. ఆ తరువాతి సంవత్సరాలలో దానిని రూ. 5,000 చేశారు. 2023 అక్టోబరు 31న మేరా యువ భారత్ ప్రారంభమయ్యాక ఈ విభాగంలో పేర్లు, పద్ధతులు మారుతూ వచ్చాయి. కాబట్టి చేరదలచినవారు ఆ ఏటి నోటిఫికేషన్‌లోని వయసు, అర్హత, గౌరవ వేతనాలను చూసుకోవాలి, పాత కాగితాలను నమ్ముకోకూడదు.

పని ఏమిటంటే, ఊరూరా యువజన సంఘాలను ఏర్పాటు చేయడం, నిద్రపోతున్న సంఘాలను లేపడం, ఆటల పోటీలు, రక్తదాన శిబిరాలు, ఆరోగ్య ప్రచారం నిర్వహించడం. జనవరి 12 జాతీయ యువజన దినం, జనవరి 25 జాతీయ ఓటర్ల దినం వస్తే కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టే ఉంటుంది. 2014 పార్లమెంటు ఎన్నికల ముందు ఇంటింటికీ వెళ్లి, పద్దెనిమిది నిండిన పిల్లలతో ఓటరు నమోదుకు ఫారం 6 నింపించాను. అందులో సగం మంది ఆడపిల్లలు. వాళ్ల పేర్లు రాసుకున్న నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అనిశ్చితి ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ సేవలో చేరేటప్పుడు ఒక షరతు ఒప్పుకుంటాం. ఇది వేతనంతో కూడిన ఉద్యోగం కాదని, దీనివల్ల ప్రభుత్వంలో ఉద్యోగం కోరే హక్కు రాదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఇచ్చేది జీతం కాదు గనుక పి.ఎఫ్. లేదు, ఇంక్రిమెంటు లేదు, సర్వీసు లెక్క లేదు. ఇది దాచిపెట్టిన విషయమేమీ కాదు. కాని చేరిన మూడో నెలకే మనం మరిచిపోతాం. ఎందుకంటే మెడలో గుర్తింపు కార్డు ఉంటుంది, బ్లాకు ఆఫీసులో కుర్చీ వేస్తారు, ఊళ్లో జనం "మేడమ్" అంటారు. ఇంట్లోవాళ్లు, "పాప సర్కారు పనిలో ఉంది" అని చెప్పుకుంటారు. ఉద్యోగం కానిది ఉద్యోగంలాగా కనబడుతుంది. ఏడాది చివర అది ఒక్కరోజులో ఆగిపోతుంది.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. నైజీరియాలో అంతర్యుద్ధం ముగిశాక, 1973లో, పట్టభద్రులకు ఏడాది జాతీయ యువజన సేవను తప్పనిసరి చేశారు. అక్కడ యువకులను సాధారణంగా సొంత రాష్ట్రానికి కాక వేరే రాష్ట్రానికి పంపుతారు. మూడు వారాల శిబిరం, నెలనెలా భత్యం, చివర ధృవపత్రం ఉంటాయి. ఉద్యోగానికి వెళితే ఆ ధృవపత్రం అడుగుతారు. అయినా ధృవపత్రం చేతికి వచ్చిన నెలలోనే భత్యం ఆగిపోతుంది, ఉద్యోగం ఎవరికి వారే వెతుక్కోవాలి. తప్పనిసరి చేసిన దేశంలోనే అలా ఉంటే, స్వచ్ఛందంగా చేరే మన దగ్గర వేరుగా ఉంటుందని ఆశించడం సరికాదు. సేవా సంవత్సరానికి ఒక చివర ఉంది. ఆ చివరి తేదీ మొదటి రోజే మనకు తెలుసు. నేను చేసిన తప్పు ఆ తేదీని చూడకుండా ఉండడమే.

నాకు జరిగింది

2014 ఏప్రిల్ మొదటి తేదీ ఉదయం అలవాటుగా ఆరుకే లేచి తలదువ్వుకున్నాను. బ్యాగు భుజానికి తగిలించుకున్న తరువాత, వెళ్లవలసిన చోటు లేదని గుర్తుకొచ్చింది. నాయన తోట నుంచి వచ్చి చూసి, "ఇంగ ఏం చేస్తావు పాపా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కాని ఆ తరువాత రోజూ అదే ప్రశ్న అడగకుండానే వినబడేది.

లెక్క చెబుతాను. నెలకు 2,500 చొప్పున ఏడాదికి 30,000 వచ్చింది. ఇంటికి నెలకు వెయ్యి ఇచ్చాను. మిగిలినది బస్సు ఛార్జీలు, ఫోను, టిఫిను, జెరాక్సులకు సరిపోయింది. ఏప్రిల్‌లో నా బ్యాంకు పుస్తకంలో 640 రూపాయలు ఉన్నాయి. ఏదైనా పరీక్షకు ఫీజు కట్టాలన్నా, కోచింగుకు హోసూరు వెళ్లాలన్నా మళ్లీ నాయననే అడగాలి.

రెండో సంవత్సరం పొడిగింపు వస్తుందేమో అని జూన్ దాకా ఎదురుచూశాను. రాలేదు. అది హక్కు కాదు కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేను. ఈలోగా సంబంధాలు రావడం మొదలయింది. వచ్చినవాళ్లు "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే అమ్మ మాట మార్చేది. ఏడాది క్రితం గర్వంగా చెప్పిన ఇంట్లో ఇప్పుడు మాట మార్చడం నన్ను ఎక్కువ బాధించింది.

ఆ సమయంలో తెలిసినవాళ్ల ద్వారా ఒక మధ్యవర్తి వచ్చాడు. "ఏడాది సర్కారు పని చేసింది కదా, అరవై వేలు పెడితే పర్మనెంటు చేయిస్తాను, ముందు పదిహేను వేలు ఇవ్వండి" అన్నాడు. అమ్మ కమ్మలు కుదువ పెట్టి నాయన ఆ పదిహేను వేలు ఇచ్చాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట నిజం కావాలని నాకే ఎక్కువగా ఉండింది. దీపావళి దాటినా ఏమీ కదల్లేదు. ఒకరోజు పాత కాగితాలు సర్దుతూ, నేను చేరినప్పటి నోటిఫికేషన్ నకలు చూశాను. ఉద్యోగ హక్కు లేదన్న వాక్యం కింద నా సంతకం ఉంది. పర్మనెంటు చేయడానికి అక్కడ ఉద్యోగమే లేదు. ఆ కాగితాన్ని జులైలో నాయనకు చదివి వినిపించి ఉంటే కమ్మలు అమ్మ చెవులకే ఉండేవి. ఆ డబ్బు తిరిగి రాలేదు.

ఆ ఏడాది చివర సన్నాహం లేకుండా బ్యాంకు క్లర్కు పరీక్ష రాసి తప్పాను. 2015 జనవరిలో ఒక గులాబీ తోటల యజమాని దగ్గర లెక్కలు రాసే పనికి చేరాను. జీతం ఐదు వేలు. సాయంత్రం ఆరు నుంచి చదువు. రెండో ప్రయత్నంలో, 2016లో, ఎంపికయ్యాను.

ఆ ఏడాది ఉత్తదేనా?

కాదు. ఈ సంగతి మన ఇతర రాష్ట్రాల తెలుగు పిల్లలందరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నేను ప్లస్ టూ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. బడిలో తమిళం చదవలేదు. అంగట్లో మాట్లాడే తమిళం వచ్చుగాని, ఒక అర్జీ రాయడం రాదు. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు చేసిన రాష్ట్రపు అధికార భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. పదిలోనో, ప్లస్ టూలోనో ఆ భాష చదివినట్టు మార్కుల పట్టీ లేకపోతే భాషా పరీక్ష పెడతారు. నాకు పెట్టారు. ఒక పేరా చదివించారు, కొన్ని వాక్యాలు రాయించారు. నేను తడబడలేదు. ఎందుకంటే సేవా సంవత్సరంలో నెలనెలా నివేదికలు తమిళంలో రాశాను. మొదటి నివేదికను బ్లాకు ఆఫీసులోని ఒక పెద్దాయన ఎర్ర సిరాతో నింపేశారు. పన్నెండో నివేదికలో రెండు చోట్లే దిద్దారు. ఆ ఏడాది నాకు ఉద్యోగం ఇవ్వలేదు. ఉద్యోగానికి అడ్డంగా ఉన్న తలుపు తాళంచెవి మాత్రం ఇచ్చింది. ఆ సంగతి రెండేళ్ల తరువాత తెలిసింది.

ఇప్పుడు తమిళనాడులో 2006 చట్టం ప్రకారం మన పిల్లలు కూడా బడిలో తమిళం నేర్చుకుంటున్నారు. మరోవైపు 2021 డిసెంబరు ఉత్తర్వుల తరువాత రాష్ట్ర సర్వీసు కమిషను పరీక్షలలో తమిళ అర్హత పేపరులో 40 శాతం తెచ్చుకోనిదే ముందుకు పోలేరు. బళ్లారిలో ఉన్నవారికి కన్నడం, బరంపురంలో ఉన్నవారికి ఒడియా, షోలాపూరు, భివండీలలో ఉన్నవారికి మరాఠీ ఇదే విధంగా అవసరం. ఇంట్లో తెలుగు నిలుపుకుంటూనే ఆఫీసు భాషను చేతిలోకి తెచ్చుకోవడానికి సేవా సంవత్సరం కంటే మంచి బడి నేను చూడలేదు.

నాతో పనిచేసినవారు ఏమయ్యారు?

పదో తరగతితో ఆపేసిన ఒక తమ్ముడు, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుని చిన్న అంగడి పెట్టాడు. ఈ సంస్థలకు మూలం 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వారు, సిండికేటు, కెనరా బ్యాంకులు కలిసి ప్రారంభించిన శిక్షణాలయం. ఆ నమూనాలోనే తరువాత జిల్లాకొకటి చొప్పున ఏర్పడ్డాయి. శిక్షణ, వసతి, భోజనం ఉచితం. శిక్షణ తరువాత కూడా కొంతకాలం వెన్నంటి చూస్తారు, బ్యాంకు అప్పుకు దారి చూపుతారు.

ఐ.టి.ఐ. చదివిన మరొకతను అప్రెంటిస్‌గా ఒక కర్మాగారంలో చేరాడు. ఒక అక్క ఇగ్నోలో సోషల్ వర్క్ ఎం.ఏ. స్థాయి కోర్సులో చేరి, స్వయం సహాయక సంఘాలతో పనిచేసే సంస్థలో క్షేత్ర ఉద్యోగి అయింది. ఆమె ఇంటర్వ్యూలో ధృవపత్రం కంటే, ఏ ఊళ్లో ఏం చేసిందో తేదీలతో రాసిపెట్టుకున్న డైరీ ఎక్కువ ఉపయోగపడిందని చెప్పింది. ఇంకొకరు మూడేళ్లు ఏమీ చేయకుండా ఇంటి దగ్గరే ఉండిపోయారు. తెలివి తక్కువై కాదు. పొడిగింపు వస్తుందని, పర్మనెంటు అవుతుందని, ఎవరో పిలుస్తారని ఎదురుచూశారు.

ఇప్పుడు చేరేవారు, చేస్తున్నవారు గమనించవలసినవి

1. చేరే రోజే చివరి తేదీని క్యాలెండరులో రాసి గోడకు పెట్టండి. నోటిఫికేషన్‌ను ఇంట్లో అందరి ముందు పైకి చదవండి. ముఖ్యంగా ఉద్యోగ హక్కు గురించిన వాక్యం.

2. గౌరవ వేతనంలో కొంత, ఎంత చిన్నదైనా సరే, ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అది సేవ తరువాతి మూడు నెలల పరీక్ష ఫీజులకు, ప్రయాణాలకు.

3. ఎనిమిదో నెల వచ్చేసరికి తరువాతి దారి ఒకటి ఎంచుకుని దరఖాస్తు వేయండి. ఇగ్నోలో ప్రవేశాలు జనవరి, జులైలలో ఉంటాయి. ఆ తేదీలు తప్పితే ఆరు నెలలు పోతాయి.

4. వయసు లెక్క వేసుకోండి. బ్యాంకు క్లర్కుకు 20 నుంచి 28, ఆఫీసరుకు 20 నుంచి 30. ఓ.బి.సి.లకు మూడేళ్లు, ఎస్.సి., ఎస్.టి.లకు ఐదేళ్లు సడలింపు ఉంది. ఒక ఏడాది సేవ వల్ల వయసు మించిపోదు. దాని తరువాత దిక్కుతోచక గడిపే మూడేళ్ల వల్ల మించిపోతుంది.

5. కుల, నివాస, ఆదాయ ధృవపత్రాలు సిద్ధం చేసుకోండి. మన కులాల పేర్లు ఒక్కో రాష్ట్రపు జాబితాలో ఒక్కో విధంగా ఉంటాయి, కేంద్ర జాబితా వేరు. మీరున్న రాష్ట్రంలో ఏ పేరుతో, ఏ జాబితాలో ఉందో చూసుకుని తీసుకోవాలి. ఆఫీసుల చుట్టూ తిరిగే పని సేవలో ఉన్నప్పుడే సులభం.

6. సేవా ధృవపత్రాన్ని చివరి వారంలోనే అడిగి తీసుకోండి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి పట్టీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. నేను అడగకుండా వచ్చేసి, తరువాత రెండుసార్లు ఛార్జీలు పెట్టుకుని వెళ్లాను.

7. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయండి, గడువులోగా రెన్యూవల్ మరవకండి. 2015లో కేంద్రం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసులో కూడా ఉచితంగా నమోదు కావచ్చు.

8. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఎంత తెలిసినవారైనా సరే.

తల్లిదండ్రులకు ఒక మాట

సేవ ముగిసిన పిల్లలు కొన్నాళ్లు మౌనంగా ఉంటారు. నిన్నటి దాకా పదిమందిని కూడగట్టి సభ నడిపినవారికి ఈరోజు చేతిలో పని లేదు. అది సోమరితనం అనుకోవద్దు. అలాగని వదిలేయనూ వద్దు. "ఇంగ ఏం చేస్తావు?" అనే ప్రశ్నకు ఒక్కసారిగా జవాబు ఉండదు. "ఈ నెలలో ఏ దరఖాస్తు వేస్తున్నావు? ఫీజు ఎంత?" అని అడిగితే జవాబు ఉంటుంది, పిల్లలకు మీరు పక్కన ఉన్నారనీ తెలుస్తుంది. 2015లో మా నాయన చేసింది అదే. రోజూ రాత్రి నేను చదివే గదిలో కూర్చుని మరుసటి రోజు సంతకు గులాబీలు కట్టలు కట్టేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. కరెంటు పోతే లేచి దీపం వెలిగించేవాడు.

సంబంధాల విషయంలోనూ, "ఏడాది ప్రజాసేవ చేసింది, ఇప్పుడు పరీక్షలకు చదువుతోంది" అని ఉన్నమాట చెప్పండి. దానికి వెనక్కు తగ్గేవారు తగ్గనీయండి.

సభలో నన్ను అడిగిన ఆ తల్లికి నా జవాబు ఇది: అమ్మా, ఆ ఏడాది చివర ఉద్యోగం రాదు. ఒక కాగితం, ఊళ్ల పరిచయం, స్థానిక భాష, నలుగురి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం వస్తాయి. తరువాతి అడుగు ఎక్కడ వేయాలో ముందే చూసుకునేవాడైతే మీ అబ్బాయిని చేరనివ్వండి. ఎనిమిదో నెలలో మాత్రం ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే అమ్మకు కమ్మలు చేయించాను. పాతవాటికంటే కాస్త చిన్నవి. అమ్మ అవే పెట్టుకుంటోంది.